ఇంటి ముందుకి సగువారో: చేతుల మొక్క, స్పియర్, కుండీ మొక్క, విత్తనాలు – ఏది కొనాలి, ఏది వద్దు

అమెరికాలోని అరిజోనాలో ఇల్లు తీసుకున్నవాళ్ళకి ముందు జాగాలో ఒక సగువారో నిలబెట్టాలని ఉంటుంది. ఆ కోరిక సహజమే. ఈ మహా కాక్టస్ అక్కడ నాలుగు రకాలుగా అమ్మకానికి దొరుకుతుంది. కట్టడాల కోసం చదును చేస్తున్న భూముల్లోంచి తవ్వి తెచ్చిన, చేతులు (పక్క కొమ్మలు) వేసిన పెద్ద మొక్క ఒకటి. అలాగే తవ్వి తెచ్చిందే అయినా ఇంకా చేతులు రాని నిటారు మొక్క రెండోది. నర్సరీవాళ్ళు దీన్ని స్పియర్ అంటారు. విత్తనం నుంచి పెంచిన కుండీ మొక్క మూడోది, విత్తనాల పొట్లం నాలుగోది. నాటిన పదేళ్ళకి కూడా పచ్చగా నిలబడి ఉంటుందా అన్న ఒక్క లెక్కతో చూస్తే మా మార్కులివి: ఐదడుగుల లోపు స్పియర్‌కి ఐదుకి నాలుగున్నర, కుండీ మొక్కకి నాలుగు, విత్తనాలకి మూడు, చేతుల మొక్కకి ఒకటిన్నర. ధర మాత్రం దాదాపు తలకిందులుగా ఉంటుంది. అడుగు లెక్కన రేటు కట్టి, ఒక్కో చేతికి అదనంగా వేస్తారు. అంటే మనం డబ్బు పోసేది ఎత్తుకి, చేతులకి. మొక్కని బతికించేది వేరు. ఆ వేరు లారీలో పూర్తిగా రాదు. ఈ సమీక్షలో మిగతాదంతా ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది.

శాస్త్రీయంగా ఇది కార్నేజియా జైగాంటియా. 1848లో వృక్షశాస్త్రవేత్త ఎంగెల్మన్ దీన్ని సీరియస్ అనే ప్రజాతిలో పెట్టి వర్ణించాడు. 1908లో బ్రిటన్, రోజ్ దీనికి విడిగా ఒక ప్రజాతి ఏర్పరచి ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ పేరు పెట్టారు. ఆ ప్రజాతిలో ఇప్పటికీ ఉన్నది ఈ ఒక్క జాతే. సొనోరన్ ఎడారి దాటి తనంతట తాను పెరగదు: దక్షిణ అరిజోనా, మెక్సికోలోని సొనోరా, కొలరాడో నది పక్కన కాలిఫోర్నియా వైపు కొద్ది చోట్లు, అంతే. సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తు దాటితే చలికి ఆగలేదు.

పెరుగుదల ఎంత నెమ్మదో తెలిస్తే ధర ఎందుకంత ఉందో అర్థమవుతుంది. ఎడారిలో మొలిచిన మొక్క మొదటి ఏడాది చివర పావంగుళం ఉంటుంది. పదిహేనేళ్ళకి అడుగు. యాభై ఏళ్ళకి ఏడడుగులు. మొదటి చెయ్యి మొలిచేసరికి సుమారు 75 ఏళ్ళు పడుతుంది, మరీ పొడి ప్రాంతాల్లో నూరేళ్ళు కూడా దాటుతుంది. నూరేళ్ళకి పాతికడుగులు. నూటయాభై ఏళ్ళు పైబడి బతికేవి ఎన్నో ఉన్నాయి. సాధారణంగా 40 అడుగుల దగ్గర ఆగుతాయి. కొలిచినవాటిలో అన్నిటికన్నా పొడుగైనది అరిజోనాలోని కేవ్ క్రీక్ దగ్గర ఒక్క చెయ్యీ లేకుండా పెరిగిన 78 అడుగుల మొక్క. 1986లో గాలివానకి కూలిపోయింది. కాబట్టి ఐదడుగుల స్పియర్ కొంటున్నామంటే నలభై ఏళ్ళ వయసున్న ప్రాణిని ఇంటికి తెచ్చుకుంటున్నాం. నాలుగు చేతుల మొక్క కొంటే, డెబ్బై అయిదేళ్ళు దాటిన వయసులో దాని వేళ్ళు కోయించి మరీ తెస్తున్నాం.

ఇప్పుడు వేరు సంగతి. తల్లివేరు నడిమధ్యన రెండు మూడడుగుల దాకా దిగుతుంది. మిగతా వేళ్ళన్నీ నేల పైపొరలో, కొద్ది అంగుళాల లోతులోనే, మొక్క ఎంత ఎత్తుందో సుమారు అంత దూరం నలువైపులా పాకుతాయి. ఎడారి వాన కాసేపే కురుస్తుంది, వెంటనే ఆవిరైపోతుంది. ఆ కాసేపట్లో తడిని పట్టుకోవడానికే ఈ ఏర్పాటు. ఇరవై అడుగుల మొక్కకి చుట్టూ ఇరవై అడుగుల మేర వేళ్ళుంటాయి. తవ్వేవాళ్ళు కాండం చుట్టూ ఒకటి రెండడుగులు వదిలి మిగతాది కోసేస్తారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు, అంతకన్నా వెడల్పు వేరుగడ్డని ఏ లారీ మొయ్యదు. మూడడుగుల స్పియర్‌కి ఆ ఒకటి రెండడుగుల్లోనే చాలా వేరు వచ్చేస్తుంది. ఇరవై అడుగుల మొక్కకి వేరు పొడవులో పదోవంతు మిగిలితే గొప్ప.

బరువు మాత్రం ఏమీ తగ్గదు. కాండంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి లెక్క తేలిక: అడుగుంబావు మందమున్న కాండం ఒక్క అడుగు ఎత్తుకే సుమారు 75 పౌండ్లు తూగుతుంది. పదడుగుల స్పియర్ 750 పౌండ్లు. చేతులున్న ముదురు మొక్కలు ఆరు టన్నులు, ఆపైన కూడా ఉంటాయి. అంత బరువు తెగిన వేళ్ళ మీద నిలబడి, కొత్త వేళ్ళు వేసేదాకా వర్షాకాలపు గాలులకి ఓర్చుకోవాలి.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. సగువారో చచ్చిపోతున్నట్టు చెప్పదు. ఆకులుంటే కదా వాడిపోయి చూపించడానికి! పచ్చటి కాండమే ఆహారం తయారుచేసుకుంటుంది. చర్మం మీద దట్టమైన మైనపు పొర ఉంటుంది. సూక్ష్మరంధ్రాలు పగలు మూసుకుని రాత్రి చల్లబడ్డాకే తెరుచుకుంటాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువుని ఆమ్లంగా దాచుకుని పగటి వెలుతురులో వాడుకుంటుంది. అందువల్ల నీటి నష్టం చాలా తక్కువ. చర్మం మీద పన్నెండు నుంచి పాతిక దాకా నిలువు మడతలుంటాయి. నీరు తాగితే హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటాయి, ఎండితే ముడుచుకుంటాయి. లోపల మెత్తటి బెండు చుట్టూ వలయంగా నిలబడిన కట్టె ఊచలు ఈ బరువంతటినీ మోస్తాయి. ఈ నిల్వ నీటి మీదే ఒక్క కొత్త వేరైనా వెయ్యకుండా ఏడాది, రెండేళ్ళు, పెద్దవైతే ఇంకా ఎక్కువ కాలం పచ్చగా నిలబడగలదు. కొన్ని ఆ నిల్వతోనే పూలు కూడా పూస్తాయి. పూసింది కదా, నాటుకుంది అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

అందుకే నర్సరీలు ఇచ్చే ఏడాది గ్యారంటీకి మేం పెద్దగా విలువ ఇవ్వం. ఆ ఏడాదిలో చచ్చేది నాటేటప్పటికే కుళ్ళు పట్టిన మొక్క. వేరు పట్టక చచ్చేది గ్యారంటీ ముగిశాకే చస్తుంది. పెద్ద మొక్క కొని తీరాలనుకుంటే కనీసం రెండేళ్ళకి రాసిమ్మని అడగండి. ఇవ్వనంటే ఆ ధరకి ఆ మొక్క వద్దు.

నర్సరీ యార్డుకి వెళ్ళినప్పుడు చూడాల్సింది మొక్క ఠీవి కాదు, మొదలు. నేల మట్టం దగ్గర వంగి చూడండి. ముదురు మొక్క మొదట్లో చర్మం గోధుమరంగులో బెరడు కట్టి గట్టిగా ఉంటుంది. అది జబ్బు కాదు, వయసు. ఆ బెరడు మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఎక్కడైనా లోపలికి దిగితే, లేదా తేమ తగిలితే అక్కడితో ఆపెయ్యండి. కాండం మీద ఎక్కడైనా నల్లటి మచ్చలోంచి ముదురు గోధుమరంగు ద్రవం కారి, కుళ్ళు వాసన కొడుతుంటే అది బాక్టీరియా కుళ్ళు. ఒంటి లోపల ఎంత దూరం పాకిందో బయటి నుంచి తెలియదు. పొడిగా ఉన్న గుండ్రటి కన్నాలని చూసి మాత్రం భయపడొద్దు. గీలా వడ్రంగిపిట్టలూ గిల్డెడ్ ఫ్లికర్ అనే పిట్టలూ గూటి కోసం తొలిచినవి అవి. మొక్క ఆ గాయం చుట్టూ గట్టి పెంకులాంటి పొర కట్టుకుని నీరు కారకుండా మూసుకుంటుంది. లోపల వేలు పెట్టి తడిమితే పొడిగా, గరుకుగా తగలాలి.

తరవాత నడుము చూడండి. కాండం ఉన్నట్టుండి ఒకచోట సన్నబడి మళ్ళీ లావెక్కితే, ఎప్పుడో మంచు దెబ్బో గట్టి కరువో తగిలిందన్నమాట. మొక్క బతికే ఉంటుంది కానీ క్రేన్ పట్టీ తగిలించి లేపినప్పుడు విరిగే అవకాశం అక్కడే ఎక్కువ. కొన శిఖరంలో ముళ్ళు దట్టంగా, వాటి కింద నూగు ఒత్తుగా ఉండాలి. పెరిగే మొగ్గ అక్కడే ఉంటుంది కాబట్టి కొన నల్లబడినా గుంట పడినా ఆ కాండం ఇక ఎత్తు పెరగదు. మడతలు మరీ లోతుగా ముడుచుకుని ఉంటే తవ్వి చాలా రోజులైందని అర్థం. అదొక్కటే కారణంగా తిరస్కరించనక్కర్లేదు, “ఎప్పుడు తవ్వారండీ?” అని అడిగితే చాలు. తేదీ చెప్పలేని యార్డు మీద మాకు నమ్మకం లేదు.

ముళ్ళ సంగతి కూడా ఒక మాట. కింది ఆరడుగుల మేర ముళ్ళు గట్టిగా, మూడంగుళాల దాకా పొడుగ్గా ఉంటాయి. పూత వయసు వచ్చాక పైన వచ్చే ముళ్ళు మెత్తబడి పసుపు రంగుకి తిరుగుతాయి. కాబట్టి చిన్న స్పియర్ దగ్గర తోలు చేతితొడుగులు కూడా సరిపోవు. ఎత్తడానికి పాత కార్పెట్ ముక్కలు చుట్టాలి. ముళ్ళు విరగ్గొట్టుకుంటూ తాడు వేసి ఈడ్చేవాళ్ళ దగ్గర కొనొద్దు. అవి కేవలం కాపలాకి ఉన్నవి కావు. కొనకి ఎండలో నీడ, మంచులో కాస్త కప్పు ఇచ్చేవి కూడా అవే.

కాగితాల విషయంలో మాత్రం ఎలాంటి సడలింపూ వద్దు. అరిజోనా స్థానిక మొక్కల చట్టం కింద సగువారో రక్షిత మొక్క. సొంత స్థలంలో ఉన్నదాన్నయినా భూమి చదును చేసే ముందు రాష్ట్ర వ్యవసాయ శాఖకి తెలియజేయాలి. ఎకరం లోపైతే 20 రోజులు, నలభై ఎకరాల దాకా 30, అంతకు మించితే 60 రోజుల ముందు. తవ్వి తరలించాలంటే అనుమతి పత్రం, మొక్కకి కట్టే ట్యాగు, సీలు ఉండాలి. ఆ ట్యాగు మొక్క దాని శాశ్వత చోటులో నాటుకునేదాకా తీయకూడదు. మీ ఇంటికి దిగిన మొక్క మీద ట్యాగు ఉందా, అందులో నంబరు అనుమతి పత్రంలో నంబరుతో సరిపోయిందా చూసుకోండి. లేకపోతే లారీ దించనివ్వొద్దు. దొంగతనాలు నిజంగానే జరుగుతాయి. టూసన్ పక్కనున్న సగువారో నేషనల్ పార్కు కొన్ని మొక్కల్లో మైక్రోచిప్‌లు కూడా పెట్టించింది. కొన విసనకర్రలా విచ్చుకున్న క్రెస్టెడ్ మొక్క అమ్ముతామని ఎవరైనా చెబితే మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన మొగ్గ బిందువుగా కాక గీతగా పెరగడం వల్ల వచ్చే అరుదైన రూపం అది, చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న తరగతి దానిదే.

నాటే పని సగం బతుకు. ముందు దిక్కు. తవ్వకముందే దక్షిణం వైపు సుద్దతో గుర్తు పెట్టాలి, నాటేటప్పుడు ఆ గుర్తు మళ్ళీ దక్షిణానికే రావాలి. దక్షిణం, పడమర ఎండకి అలవాటుపడిన చర్మం గట్టిగా ఉంటుంది. ఉత్తరం వైపు చర్మం లేతది. తిప్పి నాటితే ఆ లేత వైపు తెల్లగా, తరవాత పసుపుగా మాడి ఎప్పటికీ కోలుకోదు, కుళ్ళుకి దారి కూడా అదే. గుర్తు లేకుండా తెచ్చి “చూసి పెట్టేస్తాంలెండి” అనే పనివాళ్ళకి సున్నా మార్కులు. అలా వచ్చిన మొక్క ఇప్పటికే మీ చేతిలో ఉంటే, మొదటి వేసవంతా దక్షిణ, పడమర వైపులకి సగం వెలుతురు వడకట్టే నీడవల కట్టండి.

కాలం: నేల వెచ్చగా ఉండాలి, మొక్క మాడిపోకూడదు. మార్చి చివర నుంచి మే దాకా మంచిది, సెప్టెంబరు మొదట్లో కూడా ఫర్వాలేదు. చలికాలంలో వేరు కదలదు. తడిసిన చల్లటి మట్టిలో తెగిన వేళ్ళు కుళ్ళుతాయి.

కోసిన వేళ్ళ చివర్లు శుభ్రంగా, పదునైన కత్తితో కోసినవై ఉండాలి. నలిగి చీలినవి మళ్ళీ కోసి గంధకం పొడి అద్దుతారు. ఆ కోతలు నీడలో ఆరి పక్కు కట్టేదాకా ఆగాలి. చిన్న వేళ్ళకి వారం చాలు, బొటనవేలి లావున్న వాటికి ఇంకా ఎక్కువ కావాలి. ఉదయం తవ్వి మధ్యాహ్నం నాటి సాయంత్రం గొట్టం పెట్టి నీళ్ళు పట్టే సర్వీసులున్నాయి. చూడ్డానికి చురుగ్గా కనిపిస్తుంది, కానీ పచ్చి కోతలకి తడి మట్టి తగిలిందంటే కుళ్ళు తప్పదు.

గుంట వేరుగడ్డ కన్నా వెడల్పుగా తవ్వాలి, లోతుగా కాదు. పాత చోట మట్టి ఎక్కడిదాకా ఉందో కాండం మీద రంగు తేడా చెబుతుంది. ఇక్కడా అంతవరకే పూడ్చాలి. గాలికి పడకుండా ఉంటుందని అడుగు లోతు ఎక్కువ పాతిపెట్టడం మామూలైపోయింది. బెరడు కట్టని కాండం మట్టిలో కప్పబడితే అక్కడే కుళ్ళు మొదలవుతుంది, పైపొరలో ఊపిరి తీసుకోవాల్సిన వేళ్ళు కిందికి పోతాయి. పూడ్చడానికి తవ్విన మట్టే వాడాలి. కంపోస్టు, పేడ ఎరువు కలపకూడదు, తేమ నిలుస్తుంది. నీరు నిలిచే బంక నేల అయితే తవ్వినచోట మట్టిదిబ్బ ఎత్తి దాని మీద నాటడం మేలు. ఐదడుగుల లోపు స్పియర్‌కి ఊతం అక్కర్లేదు. అంతకు మించితే మూడు వైపుల నుంచి కలప కర్రలు వాలుగా ఆనించి, కాండానికి తగిలేచోట కార్పెట్ ముక్క వేసి కట్టాలి. మేకు, స్క్రూ ఏదీ ఒంట్లోకి దిగకూడదు. ఆ ఊతం కనీసం ఏడాది ఉంచాలి. పెద్ద మొక్కకి రెండేళ్ళు.

నీళ్ళు: వేళ్ళు కోసి నాటిన మొక్కకి మొదటి రెండు వారాలు నీళ్ళు పెట్టొద్దు. తరవాత వేసవంతా రెండు మూడు వారాలకొకసారి, మధ్యలో మట్టి పూర్తిగా ఆరనిచ్చి తడపాలి. కాండం మొదలు దగ్గర పొయ్యకూడదు. కాండానికి రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టి బయటికి, వేళ్ళు పాకాల్సిన మేరంతా, ఆరంగుళాల లోతు తడిసేలా నెమ్మదిగా పారించాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మానెయ్యాలి. డ్రిప్ గొట్టం చివర తెచ్చి కాండం పక్కన పెట్టేస్తే, అక్కడే రోజూ తడి నిలిచి మొదలు మెత్తబడుతుంది. ఇంటి ముందు చచ్చిన సగువారోల్లో ఈ కారణం మేం చాలా చూశాం. గులకరాళ్ళ కింద ప్లాస్టిక్ పట్టా పరచడం దానికి తోడు దొంగ: వానని వేళ్ళదాకా రానివ్వదు, లోపలి తేమని ఆరనివ్వదు.

నాటే చోటు ఎంచేటప్పుడు మొక్క పడితే ఎక్కడ పడుతుందో కూడా లెక్క వేసుకోండి. నడిచే దారికి, కారు నిలిపే చోటికి, కరెంటు తీగలకి అందనంత దూరం ఉండాలి. పడమటి గోడకి ఆనించి నాటితే గోడ వేడి రాత్రంతా తగులుతుంది. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించి ఎండ కాసినప్పుడు డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌లో పాత సగువారోలే చేతులు రాల్చాయి, కూలిపోయాయి. పగటి ఎండ ఒక్కటే కారణం కాదు. రాత్రి చల్లబడకపోతే సూక్ష్మరంధ్రాలు తెరుచుకునే వీలుండదు, మొక్క ఊపిరి పీల్చుకోలేదు. చలికాలంలో తంటా వేరు. 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగితే లేత మొక్కల కొన దెబ్బతింటుంది. గడ్డకట్టే చలి పొద్దెక్కినా వదలకపోతే పెద్దవి కూడా పోతాయి. అలాంటి రాత్రి చిన్న మొక్క కొన మీద గుడ్డో, స్టైరోఫోమ్ కప్పో బోర్లించి తెల్లారాక తీసెయ్యడం అరిజోనా ఇళ్ళలో మామూలే, పనిచేస్తుంది కూడా.

ఇంతా చేసి చేతుల మొక్కకి ఒకటిన్నరే ఎందుకంటే, పైన చెప్పిన ప్రతి లెక్కా దానికి ప్రతికూలమే. వేరు తక్కువ, బరువు ఎక్కువ, గాలి పట్టే చేతులు, ఎత్తేటప్పుడు విరిగే సంధులు. విరిగిన చెయ్యి నాటుకుందామన్నా సగువారో కొమ్మ వేరు పట్టడం చాలా అరుదు. ఆ ఒకటిన్నర కూడా ఒకే సందర్భానికి: బుల్‌డోజర్ కింద పోయేదాన్ని, అదే స్థలంలో కొద్ది గజాల అవతలికి, ఒకే రోజు, దిక్కు తప్పకుండా మార్చేటప్పుడు. కోతలు ఆరేదాకా నీళ్ళు పట్టకూడదన్న నియమం అప్పుడూ ఉంటుంది.

ఐదడుగుల స్పియర్‌లో ఒక లోటు ఒప్పుకోవాలి, త్వరగా పూయదు. సుమారు ఎనిమిది అడుగులు దాటాకే పూత. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా కాండం కొసన, చేతుల కొసన, మూడంగుళాల వెడల్పున్న తెల్లటి మైనపు పూలు. ఒక్కో పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. 1931 నుంచి అరిజోనా రాష్ట్ర పుష్పం ఇదే. తన పుప్పొడి తనకి పనికిరాదు, మరో మొక్కది రావాలి. రాత్రి పొడుగు ముక్కు గబ్బిలాలు, పొద్దున్నే తెల్లరెక్కల పావురాలు, తేనెటీగలు ఆ పని చేస్తాయి. కాబట్టి చుట్టుపక్కల మరో సగువారో పూయని పేటలో ఒంటరి మొక్కకి పళ్ళు కాయవు. జూన్, జూలైల్లో పండు పగిలి ఎర్రటి గుజ్జు బయటపడుతుంది. అక్కడి ఆదివాసులైన తొహోనో ఓడమ్ ప్రజలు చనిపోయిన సగువారోల కట్టె ఊచలనే పొడుగు గెడలుగా కట్టి ఈ పళ్ళు రాలుస్తారు, గుజ్జు కాచి పాకం తీస్తారు. వాళ్ళ కొత్త ఏడాది ఈ కోతతోనే మొదలవుతుంది.

కుండీ మొక్కకి నాలుగు మార్కులు వేరు కోత లేనందుకు. వేరుగడ్డ చెదరకుండా దిగుతుంది కాబట్టి ఆరబెట్టనక్కర్లేదు, వారంలోపే తడపొచ్చు. ఒక మార్కు తగ్గడానికి కారణం నర్సరీ నీడ. నీడవల కింద, తరచు నీళ్ళు పట్టి పెంచిన మొక్క ఎడారి ఎండకి తట్టుకోదు. కొనగానే ఎండలో పెట్టకుండా పాలోవర్డె, ఐరన్‌వుడ్, మెస్కీట్ లాంటి చెట్టు కింద నాటండి. అడవిలో సగువారో బతికి బట్టకట్టేది ఈ దాది చెట్ల నీడలోనే. వేసవిలో నీడ, చలిలో వెచ్చదనం, పశువుల కంటికి ఆనకుండా మరుగు, మూడూ ఒక్కచోట దొరుకుతాయి. కుండీలోంచి తీసినప్పుడు వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే విడదీసి పరిచి నాటాలి, లేకపోతే ఏళ్ళ తరవాత కూడా గాలికి ఊగుతూనే ఉంటుంది.

విత్తనాల గురించి క్లుప్తంగా. ఒక పండులో రెండు వేల దాకా ఉంటాయి. నల్లగా, గుండుసూది తలంత. ముతక ఇసుక, పెర్లైట్ (నీరు నిలవకుండా మట్టిలో కలిపే తేలికపాటి తెల్ల గుళికలు) ఎక్కువగా ఉన్న మట్టి మీద పైపైనే చల్లాలి; మట్టి కప్పకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. డబ్బా మూత పెట్టి 25–30 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. మొలవడం తేలిక, నిలపడం కష్టం. మూత తీయడం ఆలస్యమైతే బూజు, తొందరైతే ఎండు. మొలకలు కనిపించాక మూతని రోజుకి కాస్త చొప్పున తెరుస్తూ అలవాటు చెయ్యాలి. మొదటి రెండేళ్ళు ఎండ నేరుగా తగలకూడదు. చేతులు చూడాలన్న ఆశతో కొనేవాళ్ళకి ఇది కాదు, మొక్క పెరిగే తీరు చూడాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి సరుకు లేదు.

మొక్క నాటాక ఎక్కడైనా పిడికెడంత కుళ్ళు కనబడితే ఆలస్యం చేయకుండా గట్టి పచ్చటి కండ వచ్చేదాకా తవ్వి తీసెయ్యాలి. ఆ గుంట కింది అంచు బయటికి వాలుగా కోస్తే నీరు నిలవదు. తొమ్మిది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి అలాగే తెరిచి ఉంచితే ఆరి పక్కు కడుతుంది. సిమెంటు పూడ్చడం పాత పద్ధతి. దానివల్ల లోపల తేమ చిక్కుకుని కుళ్ళు పెరుగుతుంది తప్ప లాభం లేదు.

చివరగా, అసలు అది సగువారోయేనా అన్నది. అర్జెంటీనా సగువారో పేరుతో ట్రైకోసీరియస్ టెర్షెకీ విరివిగా అమ్ముతారు. మంచి మొక్కే, త్వరగా పెరుగుతుంది, నాటుకోవడమూ తేలికే. కానీ ఇది వేరే మొక్క. మడతలు తక్కువగా, వెడల్పుగా ఉంటాయి. ముళ్ళు చిన్నప్పటి నుంచే పసుపు. పువ్వు ఆరంగుళాలు దాటి పొడుగ్గా ఉంటుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా నుంచి వచ్చే కార్డోన్ కాక్టస్ ఇంకో పోలిక. దానికి మొదలు మరీ లావు, చేతులు చాలా కిందనుంచే మొదలవుతాయి, పళ్ళ మీద ముళ్ళ నూగు ఉంటుంది, చలికి సగువారో కన్నా సుకుమారం. చిన్నప్పుడు మూడూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి బిల్లు మీద కార్నేజియా జైగాంటియా అని పూర్తి పేరు, తవ్వి తెచ్చిందైతే ట్యాగు నంబరు, తవ్విన తేదీ, గ్యారంటీ ఎన్నేళ్ళో రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.